ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, తీరం వెంట నిదానంగా

మన కోస్తా తీరం వెంట కారులో వెళ్దామనుకునేవాళ్లకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. రోడ్డు సముద్రం పక్కన ఉండదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం పొడవు పాత లెక్కల్లో 974 కిలోమీటర్లు, ఈమధ్య మళ్లీ కొలిస్తే 1,050 దాటింది. ఇంత తీరంలో కిటికీలోంచి అలలు కనిపించే రోడ్లు చాలా తక్కువ. విశాఖ–భీమిలి, కాకినాడ–ఉప్పాడ, ఇంకా అక్కడక్కడా చిన్న ముక్కలు, అంతే. మిగతాదంతా నదీపాయలు, మడ అడవులు, ఉప్పు మడులు, రొయ్యల చెరువులు. సముద్రం చూడాలంటే హైవే వదిలి ఆ ఊరి దాకా దిగి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి.

అందుకని రోజుకు ఇన్ని కిలోమీటర్లు అని లెక్క వేసుకుంటే ఇక్కడ కుదరదు. మేము మకాం ఊళ్లు ఎంచుకున్నాం. ఒక్కోచోట కనీసం రెండు రాత్రులు ఉండడం, సామాను గదిలో వదిలేసి తెల్లవారుజామునే చుట్టుపక్కల రేవులకు వెళ్లి రావడం, మధ్యాహ్నం ఎండలో విశ్రాంతి. నాతో మా ఆవిడ, డెబ్బై దాటిన మా అమ్మ ఉన్నారు. ఇలా వెళ్లబట్టే అమ్మ ఎక్కడా అలసిపోలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా గట్టి అభిప్రాయం.

ఎప్పుడు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, డిసెంబరు మొదట్లో కూడా వాయుగుండాల భయం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, రేవుల్లో సందడి ఉండదు, ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పులస చేప కోసమే వెళ్లాలంటే గోదావరికి ఎర్రనీరు వచ్చే వానాకాలంలో వెళ్లాలి, కానీ సరిగ్గా అప్పుడే వరదకు, మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పంట్లు ఆపేస్తారు. అన్నీ చూసుకుంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. సంక్రాంతి వారం మాత్రం కోనసీమలో గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. పండగ చూడడానికే వెళ్తే అది వేరే సంగతి, అప్పుడు నెలల ముందే బుక్ చేసుకోవాలి. మాఘంలో భీష్మ ఏకాదశి సమయంలో అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం. ఆ రోజుల్లో అటువైపు కారు వేసుకుని వెళ్లకపోవడమే మంచిది.

ఉత్తరాన శ్రీకాకుళం జిల్లాకు జనం ఎందుకు అంత తక్కువగా వెళ్తారో నాకు అర్థం కాదు. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ, వంశధార కలిసే కళింగపట్నం, రెండింటిలోనూ విశాలమైన ఇసుక, మామూలు రోజుల్లో జాలర్లు తప్ప మనుషులుండరు. కళింగపట్నం దగ్గరే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి, పైనుంచి వంశధార కనిపిస్తుంది. నౌపడ ఉప్పు మడుల పక్కగా వెళ్లి తేలినీలాపురం చూడాలి. చలికాలంలో అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. బస విషయంలో మాత్రం తీరం మీద పెద్దగా ఏమీ ఆశించొద్దు. శ్రీకాకుళంలోగానీ టెక్కలిలోగానీ మంచి లాడ్జి చూసుకుని అక్కణ్నుంచి తిరగడమే నయం. శ్రీకాకుళంలో ఉంటే శ్రీకూర్మం, అరసవల్లి కూడా అయిపోతాయి.

విశాఖ గురించి ఎంతోమంది రాశారు కాబట్టి నేను రాయను. భీమిలిలో ఒక పూట ఆగి డచ్చివారి సమాధులు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని కదిలితే చాలు.

అసలు నిదానపు ప్రయాణం కత్తిపూడి దగ్గర మొదలవుతుంది. అక్కడ 16వ నంబరు హైవే వదిలేసి 216 పట్టుకోవాలి. కాకినాడ, యానాం, అమలాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా సుమారు 390 కిలోమీటర్లు. పేరుకు నేషనల్ హైవేనే, కానీ ఊళ్ల మధ్య నుంచి వెళ్లే చోట్ల వేగం నలభై దాటదు. మధ్యాహ్నానికి వంద కిలోమీటర్లు కొట్టేద్దామనుకుంటే చిరాకు తప్ప మిగిలేదేం లేదు.

కాకినాడ మకాంగా అన్నివిధాలా బాగుంది. అన్ని బడ్జెట్లకూ హోటళ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి, కారుకు ఏదైనా అయితే సర్వీసు సెంటర్లున్నాయి. ఇక్కణ్నుంచి ఒక పూట ఉప్పాడ, ఒక పూట కోరంగి. ఉప్పాడ దారిలో సముద్రం రోడ్డును ఏటా కోస్తూనే ఉంటుంది. అడ్డంగా రాళ్లు పేర్చినా తుఫాను వస్తే అలలు తారు మీదికి వచ్చేస్తాయి, అప్పుడు రాకపోకలు ఆపేస్తారు. బయల్దేరే ముందు దారి తెరిచి ఉందా అని హోటల్లో అడిగి వెళ్లండి.

ఉప్పాడలో జాందానీ నేత తప్పక చూడండి, షాపులో కాదు, నేసేవాళ్ల ఇంట్లో. ఒకే గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. చీర అంచు దాటి లోపలికి వస్తే ప్రతి పువ్వుకూ, ప్రతి ఆకుకూ విడిగా ఒక చిన్న దారపు కండె వేలాడుతుంది. పేక ఒక్కసారి విసిరాక, ఆ కండెల్ని ఒక్కొక్కటే పడుగు పోగుల మధ్యనుంచి దూర్చి పైకి తీస్తారు, మళ్లీ పేక విసురుతారు. అందుకే చీర వెనకవైపు తిప్పి చూసినా దారాలు వేలాడవు, డిజైను రెండువైపులా ఒకేలా ఉంటుంది. మా ఆవిడ గంటసేపు అక్కణ్నుంచి కదల్లేదు. ఆ గంటలో బట్ట ఎంత పెరిగిందో కళ్లారా చూశాక రేటు గురించి బేరమాడడానికి మాకు నోరు రాలేదు.

కోరంగి మడ అడవికి చెక్క వంతెన మీద నడుచుకుంటూ వెళ్లొచ్చు, పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. పడవ మాత్రం పోటు ఉంటేనే నడుస్తుంది. సముద్రానికి రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అవి ప్రతిరోజూ ముందురోజు కన్నా సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి నిన్న ఎవరికో పది గంటలకు పడవ దొరికిందని ఇవాళ మనకు పదికి దొరకదు. నన్నడిగితే పాటు సమయంలో వంతెన మీద నడవడమే ఎక్కువ బాగుంది. నీళ్లు తీసేశాక బురదలోంచి పెన్సిళ్లు నాటినట్టు లేచి ఉండే శ్వాస వేళ్లు, వాటి మధ్య ఎర్ర పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు, అన్నీ అప్పుడే కనిపిస్తాయి.

యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి పెట్రోలు రేటు తక్కువ, చాలామంది అక్కడే ట్యాంకు నింపుకుంటారు. మేమూ నింపుకున్నాం. వంతెన దాటితే కోనసీమ.

ఇక్కడ మకాం దిండి. గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున పర్యాటక సంస్థవారి హరిత రిసార్టు ఉంది, హౌస్‌బోట్లూ ఉన్నాయి, చుట్టుపక్కల ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి. ప్రభుత్వ రిసార్టుల్లో హంగు తక్కువ, చోటు మాత్రం ఎప్పుడూ బంగారమే. ఇంత మంచి నది ఒడ్డు ఇప్పుడు ఎవరు కొనగలరు? హౌస్‌బోటులో రాత్రి పడుకోవడం కన్నా పగటిపూట తిరగడమే మాకు నచ్చింది, రాత్రి పడవ ఎలాగూ ఒడ్డునే కట్టి ఉంటుంది. దోమల మందు మర్చిపోవద్దు, డెల్టా మొత్తానికీ ఇది వర్తిస్తుంది. ఇంకోచోట సముద్రం ఎదురుగా అని ఫొటోలు చూసి ఒక ప్రైవేటు రిసార్టు తీసుకున్నాం. గది కిటికీలోంచి సముద్రం నిజంగానే కనిపించింది, కుళాయి తిప్పితే వచ్చింది కూడా దాదాపు ఆ నీళ్లే. కరెంటు పోతే జనరేటరు ఫ్యాన్లకే. కాబట్టి తీరం మీద గది తీసుకునేటప్పుడు ఏసీ సంగతి తర్వాత, స్నానానికి మంచినీళ్లు ఉన్నాయా, కరెంటు పోతే ఏం పనిచేస్తుంది అని ఫోన్ చేసి అడగండి.

దిండి–చించినాడ వంతెన మీదుగా వెళ్తే అవతలి ఒడ్డు అయిదు నిమిషాలు. కానీ అంతర్వేది చూసుకుని సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటమని చెప్తాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ దాటడమే. పంటు ఒడ్డుకు ఆనగానే బల్లలు దించుతారు. ముందు మోటారు సైకిళ్లు, కాలేజీ పిల్లలు, కూరగాయల బుట్టలు దిగుతాయి. తర్వాత మన వంతు. “మీరు దిగిపోండమ్మా, బండి ఒక్కటే ఎక్కాలండి” అని అమ్మను చెయ్యి పట్టుకుని నడిపించాడు పంటు కుర్రాడు. నేను ఒక్కణ్నే కారులో, అతను ముందు నిలబడి రెండు చేతులతో కుడి, ఎడమ చూపిస్తుంటే అంగుళం అంగుళం ఎక్కించాను. చక్రాల కింద బల్ల కిర్రుమంది. హ్యాండ్ బ్రేకు వేసి, గేర్లో పెట్టి దిగిపోవాలి. నది మధ్యకు వచ్చాక రెండు ఒడ్ల కొబ్బరిచెట్లూ సమానంగా కనిపిస్తాయి. చిల్లర దగ్గర పెట్టుకోండి, సిగ్నల్ కోసం ఫోన్లు పట్టుకుని నిలబడితే వెనకాల క్యూ ఆగిపోతుంది. చీకటి పడ్డాక పంటును నమ్ముకోవద్దు.

నరసాపురంలో ఆగితే ఆడవాళ్లు అల్లే లేసు చూడొచ్చు. ఇక అక్కణ్నుంచి దారి పొడవునా రొయ్యల చెరువులు, లారీలు. డిసెంబరు, జనవరిలో ఇంకొకటి కూడా ఉంటుంది. రైతులు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, చుట్టూ రాళ్లు. పగలైతే పర్వాలేదు, రాత్రి హెడ్‌లైటు వెలుగులో ఆ రాళ్లు ఆఖరి క్షణం దాకా కనపడవు. అందుకే సాయంత్రం అయిదున్నరకు బండి లాడ్జి ముందు ఆగిపోవాలని మేము నియమం పెట్టుకున్నాం, చివరిదాకా దాన్ని తప్పలేదు.

బందరులో, అంటే మచిలీపట్నంలో ఉండాలా, అవనిగడ్డలో ఉండాలా అని చాలాసేపు ఆలోచించాం. గదులు, భోజనం బందరులోనే మెరుగు, పెడన కలంకారీ కూడా దగ్గర. మంగినపూడి బీచ్ ఊరికి దగ్గరే కాబట్టి జనం ఎక్కువ. అయినా దివిసీమ మీద మనసున్నవాళ్లు అవనిగడ్డకే వెళ్లాలి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి అక్కణ్నుంచి పొద్దున్నే వెళ్లొచ్చు. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని ముందుకు వెళ్తే సంగమం వైపు ఇసుక దారి. కారు తారు రోడ్డు మీదే వదిలేయండి, అక్కడ చక్రం దిగబడితే ట్రాక్టరు దాకా వెళ్తుంది వ్యవహారం. తినడానికీ తాగడానికీ ఏమీ దొరకదని అనుకునే బయల్దేరండి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని తీసుకుపోయిన నేల ఇది. పల్లెపల్లెకూ తుఫాను షెల్టరు ఎందుకుందో మా అమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజుల్లో పేపర్లో చూసిన ఫొటోల గురించి దారంతా చెప్తూనే ఉంది.

పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి బాపట్ల వైపు వస్తే సూర్యలంక. శని, ఆదివారాల్లో వెళ్లకండి, హైదరాబాదు, గుంటూరు, విజయవాడ అంతా అక్కడే ఉంటుంది. మంగళవారం పొద్దున అదే బీచ్ వేరే ఊరిలా ఉంటుంది. అలల లాగుడు గట్టిది, మోకాలి లోతు దాటొద్దు. మకాంకు నేను చీరాలకే ఓటేస్తాను. వాడరేవు బీచ్ దగ్గర, లాడ్జిలు చవక, భోజనం బాగుంటుంది. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం తీరిగ్గా చూడాలి, గాంధీగారు 1929లో దానికి శంకుస్థాపన చేశారు. దగ్గర్లోనే మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు ఇప్పుడు మామూలు పల్లెటూరు. బోర్డులు, గైడ్లు ఆశించకుండా గుడి దగ్గర ఆగి పెద్దవాళ్లను అడిగితే దారి చూపిస్తారు.

ఒంగోలు నుంచి కిందికి మళ్లీ పెద్ద హైవే. నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ మీద నాకు పెద్దగా మోజు కలగలేదు. పులికాట్ కోసం మాత్రం సూళ్లూరుపేటలో ఒక రాత్రి ఉండాల్సిందే. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యనుంచే వెళ్తుంది, చలికాలంలో రెండువైపులా రాజహంసలు. నేలపట్టులో గూడబాతులు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో గదులు ముందే నిండిపోతాయి, తేదీ చూసుకోండి.

సెలవు వారమే దొరికితే మొత్తం తీరం పెట్టుకోవద్దు. కాకినాడలో రెండు రాత్రులు, దిండిలో రెండు, అవనిగడ్డలో ఒకటి, చీరాలలో ఒకటి. సోమవారం కాకినాడలో మొదలుపెడితే శనివారం సాయంత్రం చీరాలకు చేరతారు. వారాంతపు రద్దీలో సూర్యలంక కుదరదు కాబట్టి దాన్ని వదిలేసి ఆదివారం పొద్దున మోటుపల్లి చూసుకుని ఇంటి దారి పట్టొచ్చు. శ్రీకాకుళాన్ని వచ్చే చలికాలానికి విడిగా ఉంచుకోండి.