మణికట్టు మీద తొలకరి: రెండేళ్లు మిట్టీ అత్తరు వాడాక

అనంతపురంలో నేను పనిచేసేది ఎరువులు, పురుగుమందుల దుకాణంలో. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా ఆ ఘాటు ముక్కులోనే ఉంటుంది. ఇంటికెళ్లి స్నానం చేసినా వదలదు. అందుకే ఏళ్ల తరబడి బాడీ స్ప్రే కొట్టుకునేవాణ్ని. అది మందు వాసనను పోగొట్టేది కాదు, దాని మీద ఇంకో ఘాటు పూసేది. ఇక అత్తరంటే పెళ్లిళ్లలో చల్లే గులాబీ ఘాటే గుర్తొచ్చి తలనొప్పి వచ్చేది.

రెండేళ్ల కిందట ఒక స్నేహితుడితో కలిసి కడప పెద్ద దర్గాకు వెళ్లాను. అత్తర్ల కొట్టు దగ్గర తను బేరమాడుతుంటే నేను ఊరికే నిలబడ్డాను. కొట్టాయన నా చెయ్యి పట్టుకుని, సన్నటి గాజు పుల్లతో మణికట్టు మీద ఒక గీత గీసి, "ఇది చూడన్నా, మిట్టీ" అన్నాడు. వాసన చూడగానే తలెత్తి ఆకాశం వైపు చూశాను. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేదు.

3 మిల్లీలీటర్ల సీసా 300 రూపాయలు. "గంధపు నూనెలో దించింది కాదన్నా, అది కావాలంటే చాలా అవుతుంది" అని ఆయనే ముందు చెప్పాడు. ఆ మాట నచ్చి తీసుకున్నాను.

మిట్టీ అంటే హిందీలో మట్టే. మట్టి వాసన అంటే అందరికీ తెలుసు కాబట్టి కాస్త కచ్చితంగా చెబుతాను. ఇది బురద వాసన కాదు, మడిలో నీళ్లు నిలిచిన వాసనా కాదు. ఎండాకాలం సంత నుంచి కొత్త కుండ తెచ్చి మొదటిసారి నీళ్లు పోస్తాం చూడండి, కుండ చిన్నగా చిటచిటమని ఆ నీళ్లు పీల్చుకుంటుంది. అప్పుడు మూతి దగ్గర ముక్కు పెడితే వచ్చే వాసన ఇది. రాసుకున్న మొదటి పది నిమిషాలూ అచ్చంగా అదే. ఎందుకలాగో తర్వాత దాన్ని తయారు చేసే పద్ధతి తెలుసుకున్నప్పుడు అర్థమైంది.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దీన్ని దించుతారు. కాల్చిన మట్టి బిళ్లలను 'డేగ్' అనే పెద్ద రాగి పాత్రలో వేసి, నీళ్లు పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో ఉంచిన 'భప్కా' అనే పాత్రలోకి దిగుతుంది. అందులో గంధపు నూనె ముందే పోసి ఉంటుంది. ఆవిరి చల్లారి నీరవుతుంటే వాసనను నూనె పట్టుకుంటుంది. అడుగున చేరిన నీటిని వంపేస్తారు. మిగిలిన చెమ్మ ఆవిరైపోవడానికి తోలు కుప్పెల్లో నింపి పెడతారు. కాలిన మట్టికి నీళ్లు తగలడమే కదా కొత్త కుండలోనూ జరిగేది!

1964లో ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో తొలివాన వాసనకు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. కన్నౌజ్ వాళ్లు అప్పటికే దాన్ని సీసాల్లో పట్టి అమ్ముతున్నారు. నాకు ఆ సంగతి చదివినప్పుడు చాలా సంతోషమేసింది.

ఆ మొదటి సీసా నా ఒంటి మీద నిలిచింది మూడు గంటలు. మొదట్లో గట్టిగా ఉండి, గంటకు మెత్తబడి, తర్వాత చడీచప్పుడు లేకుండా పోయేది. అదే అత్తరు మా చెల్లెలు రాసుకుంటే సాయంత్రం దాకా ఉండేది. తనది జిడ్డు చర్మం, నాది పొడిబారిన చర్మం, తేడా అక్కడే. అది గమనించాక మణికట్టుకు ముందు ఒక చుక్క కొబ్బరినూనె రాసి, అది ఇంకాక అత్తరు పెట్టుకోవడం మొదలెట్టాను. ఇంకో గంటన్నర దాకా పెరిగింది. కొబ్బరినూనె తక్కువే ఉండాలి, లేదంటే మట్టి వాసన పోయి తలకు నూనె పెట్టుకున్నట్టు ఉంటుంది. రెండు మణికట్లూ కలిపి రుద్దొద్దు, పెట్టి వదిలేయండి. రుద్దితే మొదటి పది నిమిషాల కమ్మదనం ఆ వేడికే పోతోంది.

ఆ సీసా పట్టుకుని కళ్యాణదుర్గం దగ్గర మా ఊరికి పోయాను. జూన్ నెల, చినుకు లేదు. దుక్కులు దున్ని, విత్తనపు కాయలు ఒలిచి పెట్టుకుని ఊరంతా మబ్బు కోసం చూస్తోంది. మా జేజికి చూపు బాగా మందగించింది. అరుగు మీద పక్కన కూర్చుని తన చేతిలో చెయ్యి పెట్టాను. జేజి చేతిని ముక్కు దాకా తీసుకుని, "యాడ పడిందిరా వాన? పదునైందా?" అంది. అత్తరని చెప్పాను. ఇంకోసారి వాసన చూసి, చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే జిల్లా మాది. అది కూడా అదునుకు పడదు. ఆ వాసన కోసం మేం చూసే ఎదురుచూపు వేరు.

రెండో సీసా ఆన్‌లైన్‌లో తెప్పించి మోసపోయాను. పేరు మిట్టీయే, మూత తీస్తే బట్టల సబ్బు వాసన. మణికట్టు ఎర్రగా కంది రెండ్రోజులు మండింది. చూసుకోకుండా కొనకండి. వీలైతే రాయించుకుని, అరగంట ఆగి, అప్పుడు డబ్బులివ్వండి.

మూడోది ఇప్పుడు వాడుతున్నది. లక్నోకు పెళ్లికి పోయిన తెలిసినవాళ్లు తెచ్చిపెట్టారు, గంధపు నూనెలో దించింది. 3 మిల్లీలీటర్లు 1,800 రూపాయలు. మొదట రాసుకున్నప్పుడు నిరాశ పడ్డాను, పాతదాని అంత గట్టిగా లేదు. ఏమిటిది అనుకుని, ఆ సంగతి మర్చిపోయి పనిలో పడ్డాను. ఇరవై నిమిషాలకు బిల్లు రాస్తూ చెయ్యి కదిపితే మట్టి లేచింది. మధ్యాహ్నానికి మట్టి సన్నగిల్లి గంధం పైకొచ్చింది. అది కూడా గుడిలో అరగదీసిన గంధంలా కాదు, పాల మీగడలా మెత్తగా ఉంది. సాయంత్రం ఐదింటికీ మణికట్టు ముక్కుకు ఆనిస్తే తెలుస్తూనే ఉంది. పక్కన నిలబడినవాళ్లకు మాత్రం తెలియదు. పది అడుగుల దూరానికి వాసన రావాలనుకునేవాళ్లు దీన్ని కొనొద్దు. ఇది రాసుకున్నవాడి కోసమే. మందుల ఘాటు మధ్య పొద్దంతా ఉండేవాడికి, అప్పుడప్పుడూ చెయ్యి పైకెత్తి గాలి పీల్చుకున్నట్టు ఉంటుంది.

ఎండాకాలంలో ఇది నిరాశపరిచింది. మే నెలలో 42, 43 డిగ్రీల్లో చెమటకు కలిసి గంటన్నరలో మట్టి పోయి, ఉప్పగా ఏదో మిగులుతోంది. మనసు ఎక్కువగా కోరేది అప్పుడే, నిలవనిదీ అప్పుడే. ఆ రోజుల్లో చర్మానికి కాకుండా చిన్న దూది ఉండకు అద్ది జేబులో పెట్టుకుంటున్నాను, అది మేలు. తెల్ల చొక్కాకు నేరుగా తగలనివ్వకండి, నూనె మరక పోదు. బండి డిక్కీలో సీసా అసలు పెట్టొద్దు. మొదటి సీసాలో చివరి నాలుగు చుక్కలు అలాగే పాడయ్యాయి. డిసెంబరు పొద్దుల్లో మాత్రం దీని సాటి లేదు. చలికి చర్మాన్ని అంటిపెట్టుకుని రాత్రి దుప్పటి కప్పుకున్నాక కూడా ఉంటుంది.

పోయిన ఆగస్టులో, దుకాణం మూసే వేళకు నిజంగానే వాన పట్టింది. పొద్దున రాసుకున్నదే చేతికి ఉంది. రోడ్డు మీద మట్టి వాసన లేచాక చెయ్యి ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. బయటిదీ నా చేతిదీ కలిసిపోయాయి. వాన వెలిసి, రోడ్డు ఆరి, ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే గంధం మళ్లీ తగిలింది.

సీసాలో ఇంకా ఒక మిల్లీలీటరు దాకా ఉంది. రోజుకు ఒక గాజు పుల్ల గీత చొప్పున సంక్రాంతి దాకా వస్తుంది. ఈసారి రెండు సీసాలు చెప్పాను, ఒకటి జేజికి.