ఎనిమిదేళ్లు, నాలుగు జతల పగ్గాలు: ఏవి నిలిచాయి, ఏవి తెగాయి

పేపర్లో రోజూ ఎవరో ఒకరు పగ్గాలు చేపడుతూనే ఉంటారు, నేను రాసేది మాత్రం నిజం పగ్గాల గురించి. గుర్రం నోట్లో ఉండే ఇనప కడ్డీ కళ్లెం, దానికి రెండు పక్కలా తగిలించి మన చేతుల్లోకి వచ్చే పట్టీలు పగ్గాలు. మా దగ్గర రైడర్లు రీన్స్ అంటారు, గుర్రాలను చూసుకునే సైసులు లగామ్ అంటారు, కొత్తగా వచ్చినవాళ్లు 'ఆ తాడు' అంటారు. మొయినాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో 2016లో మొదలుపెట్టాను, వారానికి మూడు రోజులు, పోటీల పిచ్చి లేదు. జీను స్కూల్‌ది, గుర్రం స్కూల్‌ది, పగ్గాలు మాత్రం నావి. చెయ్యి నాది కాబట్టి.

మొదటి జత కొన్నది పూర్తిగా చూపుల కోసం. సాదా తోలు, ముదురు గోధుమ రంగు, ముప్పావు అంగుళం వెడల్పు. కాన్పూర్ సరుకు, తోలు బాగుంది, ఇప్పటికీ బాగుంది, తప్పు దానిది కాదు. నావి చిన్న చేతులు. పగ్గం పట్టుకునే తీరు తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: కళ్లెం దగ్గర్నుంచి వచ్చే పట్టీ చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్యలోంచి అరచేతిలోకి వచ్చి, పైన చూపుడు వేలి మీదుగా బయటికి పోతుంది, అక్కడ బొటనవేలితో నొక్కి పెడతాం. పట్టు అంతా ఆ బొటనవేలి దగ్గరే, మిగతా వేళ్లు మెత్తగా ఉండాలి. ముప్పావు అంగుళం మందపాటి తోలు నా రెండు వేళ్ల సందులో పడితే ఆ వేళ్లు మూసుకునేవే కావు. వారంలో ఉంగరపు వేలి లోపలి వైపు బొబ్బ, అది చితికి మళ్లీ బొబ్బ. పైగా మే నెల హైదరాబాద్ చెమట. సాదా తోలు తడిస్తే సబ్బు పూసినట్టు జారుతుంది.

నేను ఎక్కే గుర్రం బిజిలీ, రేసుల నుంచి రిటైరైన ఆడ గుర్రం. ఇక్కడి స్కూళ్లలో చాలా గుర్రాలు అలా వచ్చినవే. రేసులో జాకీ పగ్గాలు బిగబట్టి పట్టుకుంటాడు, గుర్రం ఆ కళ్లెం మీద ఆనుకుని పరిగెడుతుంది, అంటే దానికి బిగింపు అంటే ఆగమని కాదు, 'పద' అని. ఇప్పుడు ఊహించుకోండి, పగ్గం జారుతోందని నేను పిడికిలి బిగిస్తాను, పిడికిలి బిగిస్తే మోచెయ్యి బిగుస్తుంది, భుజం బిగుస్తుంది, బిజిలీ ఇంకా లాగుతుంది, నేను ఇంకా బిగిస్తాను. మా సైసు చాచా కంచె మీద చేతులేసి చూస్తూ, "ఏందమ్మా అట్ల పట్టుకున్నవ్, బావిల చేద తాడా?" అన్నాడు. మూడు నెలలు నా సీటు, అంటే జీను మీద కూర్చునే తీరు, బాగాలేదనుకుని ఏడ్చాను, ఇన్‌స్ట్రక్టర్ కూడా అదే అనుకున్నారు. ఒకరోజు ఇంకొకరి సన్న పగ్గాలు అరువు తెచ్చుకుని ఎక్కాను, పది నిమిషాల్లో బిజిలీ మెడ దించి నడిచింది.

కాబట్టి అన్నిటికంటే ముందు వెడల్పు చూసుకోండి. మార్కెట్‌లో మామూలుగా దొరికేవి అర అంగుళం, 5/8 అంగుళం అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళం. పెద్దవాళ్లలో చాలామందికి 5/8 సరిపోతుంది. పిల్లలకు అర అంగుళం. నెంబరు ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టకండి, మందం కూడా ఉంది, రబ్బరు తొడిగినవాటికైతే లోపలి తోలు కొలత రాసి పైన రబ్బరు సంగతి చెప్పరు, చేతికొచ్చాక ఒక సైజు ఎక్కువే ఉంటుంది.

రెండో జత ఆ రబ్బరువే. వానాకాలం వస్తోందని కొన్నాను. బుడిపెల రబ్బరు, రేసు గుర్రాలకు వాడే రకం. పట్టు విషయంలో దీన్ని మించింది లేదు, జడివానలో కూడా వేలు జారదు, దౌడు తీయించేటప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ నాకు నచ్చనిది కూడా అదే. గుర్రం రాయి తగిలి తూలినప్పుడు మెడ ఒక్కసారిగా కిందికి చాపుతుంది, అప్పుడు పగ్గం మన వేళ్లలోంచి జారిపోవాలి, రబ్బరు జారదు. ఒకసారి బిజిలీ అలా తూలితే నేను దాని మెడ మీదికొచ్చి పడ్డాను, పాపం దాని నోటికి కూడా గట్టి దెబ్బే. ఇంకోటి, మా సామాన్ల గది రేకుల షెడ్డు. రెండు ఎండాకాలాలు అందులో వేలాడేసరికి రబ్బరు ముందు జిగురు పట్టింది, చేతి తొడుగులకు నల్లగా అంటుకునేది, తర్వాత గట్టిపడి బుడిపెలు పొట్టులా రాలాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి లోపల ఏమవుతోందో కనపడదు. రబ్బరు మొదలయ్యే అంచు దగ్గర చెమటా నీళ్లూ లోపలికి దిగి తోలు కుళ్లుతుంది. అక్కడ నెలకోసారి వంచి చూడండి, కుట్లు లాగి చూడండి.

మూడో జత గురించి చెప్పడానికే సిగ్గు. ఆన్‌లైన్‌లో 'ప్యూర్ లెదర్' అని ఉంది, రేటు మొదటి జతలో మూడో వంతు, ఫొటో అద్దంలా మెరుస్తోంది. కొనేశాను. ఏడో నెలలో, ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య వేగంలో ఉండగా, ఎడమ చేతిలో బరువు ఉన్నట్టుండి లేకుండా పోయింది. చప్పుడు కూడా లేదు. చూస్తే ఎడమ పగ్గం నా చేతిలోంచి వేలాడుతోంది, కళ్లెం దగ్గర తెగింది. కుడిది ఒక్కటే ఉంది కాబట్టి గుర్రం కుడికే తిరుగుతుంది, అదే మంచిదైంది, గట్టిగా లాగకుండా కొంచెం కొంచెంగా గుండ్రంగా తిప్పుకుంటూ పోయాను, చుట్టు చిన్నదైన కొద్దీ వేగం తగ్గింది, ఈలోగా చాచా "హో... హో..." అంటూ పరిగెత్తకుండా నడుచుకుంటూ ఎదురొచ్చి తలపట్టీ పట్టుకున్నాడు. దిగాక నా కాళ్లు వణికాయి. తెగిన చోటు చూస్తే తోలులో పీచు లేదు, అట్టముక్క చింపినట్టు పొడిగా ఉంది, పైన రంగు పొర మాత్రమే. అమ్మినవాళ్లకు రాస్తే 'నార్మల్ వేర్ అండ్ టేర్' అని జవాబు.

అప్పట్నుంచి తోలు ఏదైనా కొనేముందు చేసే పని ఒకటే, రెండు వేళ్ల మధ్య మడిచి చూడటం. మంచి తోలు సన్నటి ముడతలు పడి, వదలగానే సర్దుకుంటుంది. రంగు పగిలి కింద బూడిదరంగు కనిపిస్తే వెంటనే వెనక్కి పంపించండి. అంచు కూడా చూడండి, కోసిన చోట పీచు దట్టంగా కనపడాలి. ఇత్తడి బకిల్ గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ అయితే బెంగ లేదు, పూత వేసినవి మన వానలకు ఒక సీజన్‌లోనే పొక్కులు లేస్తాయి.

పగ్గం ఎక్కువగా తెగేది చేతి దగ్గర కాదు, కళ్లెం రింగు చుట్టూ వంగి తిరిగే చోట. గుర్రం ఉమ్ము, నీళ్లు, మెలిక, అన్నీ అక్కడే. అక్కడ తగిలించే పద్ధతులు మూడు చూశాను. బకిల్, లోపలి నుంచి గుచ్చే హుక్ స్టడ్, కుక్క గొలుసుకు ఉండేలాంటి స్ప్రింగ్ క్లిప్. క్లిప్ సులువు, కానీ బరువు, గణగణ చప్పుడు, స్ప్రింగ్‌కి తుప్పు పడితే నోరు తెరుచుకుని ఉండిపోతుంది. నా ఓటు హుక్ స్టడ్‌కి, నున్నగా ఉంటుంది. ఏదైనా సరే వారానికోసారి విప్పి ఆ మడత లోపలి వైపు చూడండి, పై నుంచి చూస్తే తెలియదు.

నాలుగో జత, ఇప్పుడు వాడుతున్నది, నాలుగేళ్లు దాటింది. నేసిన నూలు పట్టీ, 5/8 అంగుళం, దాని మీద అడ్డంగా చిన్న చిన్న తోలు పట్టీలు కుట్టి ఉంటాయి, రెండు చివర్లు తోలు. పట్టీ తేలిక, చెమట పీల్చుకుంటుంది, గట్టిగా పిండాల్సిన పని లేదు, వేలు తోలు పట్టీకి ఆనుకుంటే చాలు, అవసరమైతే జారనివ్వొచ్చు కూడా. నాకు అన్నిటికంటే నచ్చింది లెక్క. "మూడో పట్టీ దగ్గర పట్టుకో" అంటే రెండు చేతులూ సమానంగా ఉన్నట్టే. నా ఎడమ చెయ్యి ఎప్పుడూ పొడుగు వదిలేదని నాకు ఆరేళ్ల తర్వాత తెలిసింది!

లోపాలు లేవని కాదు. అంచులు నూలు పోగులు లేస్తాయి, చెమట ఉప్పు పట్టి గరగరలాడుతుంది. ఒకసారి దిండు గలీబులో పెట్టి వాషింగ్ మెషీన్‌లో వేశాను, తోలు పట్టీలు వడియాల్లా ఎండి వంకర్లు తిరిగాయి. ఇప్పుడు తడి స్పాంజితో తుడిచి, తోలు భాగాలకు మాత్రం గ్లిజరిన్ సబ్బు పట్టించి, నీడలో ఆరేస్తున్నాను. ఎండలో వద్దు. నూనె కూడా అతి వద్దు, చాచా మంచి మనసుతో నా మొదటి జతకి కొబ్బరినూనె దట్టంగా పట్టించాడు, తడి గుడ్డలా మెత్తబడి నెల రోజులు బ్రీచెస్‌కి, అదే స్వారీ ప్యాంటుకి, మరకలు. వానాకాలంలో బూజు మామూలే, పొడి గుడ్డతో తుడిచి గాలి తగిలేలా వేలాడదీస్తే చాలు, మడిచి సంచిలో పెడితే అయిపోయినట్టే.

పొడవు దగ్గర పిల్లలున్నవాళ్లు కాస్త ఆగి చదవండి. పెద్ద గుర్రాలకు ఒక్కో వైపు దాదాపు 60 అంగుళాలు, మధ్యరకానికి 54 దగ్గర, పోనీకి, అంటే పొట్టి రకం గుర్రానికి, 48 దగ్గర ఉంటాయి. మా స్కూల్లో మార్వాడీ గుర్రానికి 54 చక్కగా సరిపోయింది. గుర్రం మెడ పూర్తిగా చాపినా మీ చేతిలో ఇంకొంచెం మిగలాలి, కానీ రెండు పగ్గాల చివర్లు కలిసే చోట మిగిలిన ఉచ్చు కాలు పెట్టే రికాబు దాకా వేలాడకూడదు. మా పాప పోనీకి పెద్ద గుర్రం పగ్గాలే వేశారు, దిగబోతే బూటు ఆ ఉచ్చులో ఇరుక్కుంది. పోనీ ముసలిది, కదల్లేదు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే పొట్టి పగ్గాలు ఆర్డర్ పెట్టాను.

ఇంకోటి, రింగుల మార్టింగేల్ (గుర్రం తల మరీ పైకెత్తకుండా ఛాతీ దగ్గర్నుంచి వచ్చే పట్టీ, దాని రింగుల్లోంచి పగ్గాలు పోతాయి) వాడేవాళ్లు పగ్గాలకు స్టాపర్లు ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే రింగు ముందుకు జారి కళ్లెం దగ్గరి బకిల్‌కో హుక్‌కో తగులుకుంటుంది, గుర్రం బెదిరిపోతుంది. కొత్త పగ్గాలతో చాలాసార్లు రావు, చిన్న రబ్బరు ముక్కలే, విడిగా కొనాలి.

ప్లాస్టిక్ పూత పట్టీవి నెల రోజులు అరువు తెచ్చుకుని వాడాను. కడిగి దులిపితే కొత్తవే, వానకు ఎండకు చలించవు. చేతిలో మాత్రం జీవం ఉండదు. ఊళ్లో రోడ్ల మీద, పొలాల వెంట తిరిగేవాళ్లకు అవే మేలేమో, నాకు నచ్చలేదు.

నా నూలు పగ్గాల్లో ఎడమవైపు రెండో పట్టీ కుట్టు ఊడుతోంది, ఈసారి కూడా అదే రకం, అదే 5/8. మొదటి జత తోలు పగ్గాలను చాచా అడిగి తీసుకున్నాడు. కత్తిరించి, బకిల్ కుట్టి, బిజిలీకి మెడ పట్టీ చేశాడు, కొత్త పిల్లలు భయమేసినప్పుడు గుర్రం నోరు లాగకుండా దాన్ని పట్టుకుంటారు. జారుతోందని ఇంతవరకు ఎవరూ అనలేదు.