విడి నాణెమా, స్లాబ్ నాణెమా: అరుదో కాదో దేన్లో తేలిగ్గా తేలుతుంది?

స్లాబ్ అంటే, నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టె. అది లేని విడి నాణేనికి ముందు తూకం. 0.01 గ్రాము చూపే త్రాసు, వెర్నియర్ కాలిపర్, 10 రెట్ల భూతద్దం ఉంటే చాలు. అమెరికా మోర్గాన్ వెండి డాలర్ 26.73 గ్రాములు, 38.1 మి.మీ. ఉండాలి. అరిగితే కాస్త తగ్గుతుంది, పెరగదు. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీయే. అంటుకోనంత మాత్రాన అసలైనదని కాదు, రాగీ అంటుకోదు కదా!

అసలు చిక్కు వేరే. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ డాలర్లు 1,00,000 మాత్రమే ముద్రించారు. అందుకే అదే ఏటి మామూలు నాణేనికి శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తైన 'ఎస్' అక్షరం అతికించి అమ్ముతారు. తూకం, వెండి అన్నీ సరిపోతాయి. అక్షరం అడుగున, చుట్టూ సన్నటి అతుకు గీత, రంగు తేడా ఉన్నాయేమో చూడండి. అసలుదానికి బొమ్మ వైపు, 'లిబర్టీ'లోని 'టి' తలమీద చిన్న ఉబ్బు గీత ఉంటుంది.

స్లాబ్ ఈ శ్రమ తగ్గిస్తుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థల సైట్లలో పెట్టె మీది నంబరు కొట్టి చూడొచ్చు. నంబరు దొరికితే సరిపోదు, నకిలీ పెట్టెల మీద అసలు నంబర్లే వేస్తారు. సైట్లో ఫొటో ఉంటే గీతలు, మచ్చలు పోల్చాలి. ఖరీదైన నాణేనికి నా ఓటు స్లాబ్‌కే.