అమ్మ కోసం కొన్న ఆడియో కొత్త నిబంధన: మూడు స్టార్లు

అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక చదవడం కష్టంగా ఉందంటే, తెలుగు బైబిల్ కొత్త నిబంధన ఆడియో ఉన్న పెన్‌డ్రైవ్ కొన్నాను. ఉచ్చారణ స్పష్టంగా ఉంది.

నా కంప్లయింటంతా గొంతు గురించే. యేసు మాట్లాడినప్పుడల్లా చదివే ఆయన చావింట్లో మాట్లాడినట్టు గొంతు బరువు చేసేస్తాడు. దోమను వడగట్టి ఒంటెను మింగేస్తారని పరిసయ్యులను (ఆచారాల పట్టింపు ఎక్కువగా ఉన్న యూదు మతపెద్దలను) ఎద్దేవా చేసే మత్తయి సువార్త 23వ అధ్యాయంలో కూడా అంతే! ఇంకోచోట ఆయన చెప్పిన, తన కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు తీయబోయే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. చెప్పినవాడు వడ్రంగి మరి, దూలం ఎంతుంటుందో తెలియదా? అక్కడ అమ్మ మాత్రం కంటికి నల్లద్దాలతోనే ఫక్కున నవ్వింది. "నా కంట్లోది డాక్టర్ తీసేశాడు లేరా" అంది.

మార్కు 4 బాగా కుదిరింది. తుఫానులో పడవ వెనక భాగంలో తలగడ మీద యేసు హాయిగా నిద్రపోతుంటే శిష్యుల కంగారు బాగా వినిపించింది. యోహాను 4లో, నడిచి నడిచి అలసి, మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కూర్చుని నీళ్లడిగేచోట మళ్లీ అదే బరువు గొంతు. దాహమేసిన మనిషి అలా అడుగుతాడా?

ట్రాకులకు పేర్లు లేవు, అన్నీ నంబర్లే. కావలసిన అధ్యాయం వెతకడం అమ్మకి టెన్షన్, నాకు డ్యూటీ.