మ్యారేజ్ ఎన్‌కౌంటర్‌కి వెళ్లొచ్చాం: మా అనుభవం

మా పెళ్లయి పదకొండేళ్లు. ఆదివారం పూజ మానం, రాత్రి పిల్లలతో జపమాల చెప్తాం, ఇంకేం కావాలి అనుకునేదాన్ని. మా విచారణ (పారిష్) ఫాదర్ గారు, భార్యాభర్తల కోసం వారాంతంలో పెట్టే మ్యారేజ్ ఎన్‌కౌంటర్ అనే కార్యక్రమానికి పేర్లు ఇవ్వమంటే మావారు "మనకేం గొడవలున్నాయని?" అన్నారు. చివరికి పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి శుక్రవారం సాయంత్రం వెళ్లాం, ఆదివారం సాయంత్రానికి వచ్చేశాం.

స్పెయిన్‌లో గాబ్రియేల్ కాల్వో అనే ఫాదర్ మొదలుపెట్టిన కార్యక్రమం ఇది, తొలిసారి 1962లో బార్సిలోనాలో 28 జంటలతో జరిగిందట. కొన్ని జంటలు, ఒక ఫాదర్ తమ జీవితం గురించి చెప్తారు, తర్వాత ఒక ప్రశ్న ఇస్తారు, ఎవరికి వాళ్లు ఉత్తరం రాసి గదిలో ఒకరిది ఒకరు చదువుకుని మాట్లాడుకోవాలి. అందరి ముందు నోరు విప్పక్కర్లేదు. నా టెన్షనంతా దాని గురించే.

శనివారం రాత్రి మావారి ఉత్తరం చదివాక చాలాసేపు మాట రాలేదు. నాకు గర్భం పోయినప్పుడు ఆయన రోజూ ఆఫీసు నుంచి వస్తూ గుడిలో ఒక్కరే కూర్చుని ఏడ్చేవారట, నేను తట్టుకోలేనని ఎప్పుడూ చెప్పలేదట. ఆ రోజుల్లోనూ పక్కపక్కనే కూర్చుని జపమాలలోని యాభై మూడు మంగళవార్త జపాలు చెప్పుకున్నాం, కానీ ఆయన దేవుణ్ణి ఏం అడుగుతున్నారో నాకు తెలియదు. వివాహ దివ్యసంస్కారాన్ని పెళ్లి జరిపించే గురువు (ఫాదర్) ఇవ్వరు, ఆయన శ్రీసభ (కతోలిక సంఘం) తరఫు సాక్షి, భార్యాభర్తలే ఒకరికొకరు ఇచ్చుకుంటారని ఫాదర్ చెప్పినప్పుడు తలూపాను గానీ, అదేంటో ఆ ఉత్తరం చేతిలో ఉన్నప్పుడే అర్థమైంది.

మేం దిగిన రిట్రీట్ హౌస్ మాత్రం బాలేదు. వేడినీళ్లు లేవు, ఫ్యాన్ తిరిగీ తిరగనట్టు తిరిగింది, శనివారం భోజనం తొమ్మిదిన్నరకి పెట్టారు. ఇంకోటి, విడిపోయేదాకా వచ్చిన జంటలకు ఇది కాదు, వాళ్ల కోసం రెట్రువాయ్ అని వేరే ఉంది, 1977లో కెనడాలోని క్యూబెక్‌లో మొదలైంది. మాలా బాగానే ఉన్నాం అనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా వెళ్లండి.

ఇంటికొచ్చాక కూడా రోజూ పది నిమిషాలు రాసి, పది నిమిషాలు మాట్లాడుకోమన్నారు. మాకు వారానికి మూడు రోజులే కుదురుతోంది. మొన్న జపమాల అయ్యాక మావారు ఆ బిడ్డను తలచుకుని పైకే ప్రార్థించారు. పిల్లలు ఆమెన్ అన్నారు.