కాకినాడలో మూడో నంబరు ఎగిరిన రోజు

నవంబరులో కాకినాడకి రూము బుక్ చేసినప్పుడు నేను చూసింది రేటు, ఏసీ, అంతే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న సంగతి రైలెక్కాక మా బావమరిది ఫోన్ చేసి చెబితే తెలిసింది.

మొదటిరోజు పొద్దున్నే కోరంగి వెళ్లొచ్చాం. మడ చెట్ల మధ్య చెక్కదారి చిరుజల్లుకి జారుతోంది, అయినా బాగుంది, జనం లేరు. సాయంత్రం హోప్ ఐలాండ్ బోటు అతని ఫోన్: "రేపు తియ్యమండి, పోర్టులో మూడో నంబరు ఎగరేశారు, అడ్వాన్సు వేసేస్తున్నాను". పది నిమిషాల్లో డబ్బు వచ్చేసింది. ఈ నంబర్లు తుపాను వేళ పోర్టులో ఇచ్చే ప్రమాద హెచ్చరికలు. ఒకటి, రెండు నంబర్లయితే గొడవ ఎక్కడో సముద్రం లోపల ఉన్నట్టు, మూడంటే రేవులోనే ఈదురుగాలులు రావచ్చని. (ఎగరేయడం అంటారు గానీ పగలు కట్టేవి జెండాలు కావు, డబ్బాలూ శంకువులూ. రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు.)

లాడ్జిలో రెండో రాత్రి రద్దు చేస్తామంటే "తుపానా? ఎవరన్నారండీ?" అన్నాడు కౌంటర్లో మనిషి, వెనక టీవీలో అదే వార్త నడుస్తుండగా. పైసా ఇవ్వలేదు.

ఇంక చేసేదేముందని జగన్నాథపురం వంతెన దగ్గరికి వెళ్తే కాలువ నిండా బార్జీలు. ఇక్కడ పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకుని ఉంటే బియ్యం బస్తాలు బార్జీల్లో వెళ్తాయి. టార్పాలిన్ తాళ్లు బిగిస్తున్న ఒకాయన్ని కదిపితే, "రెండ్రోజులు ముందు తెలిస్తే లోడే ఎత్తమండి, ఎత్తాక తెలిస్తే బస్తాలకి కాపలా పడుకోవాలి" అన్నాడు. అలలు ఎంత ఎత్తు లేస్తాయో ఫోన్లో చూపించాడు. ఆ లెక్క వచ్చేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి. మా కూకట్‌పల్లి పక్కనే! రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి ఇక్కడ తెలుసుకున్నాను.

తీరా మర్నాడు ఎండ కాసింది, అల్పపీడనం తమిళనాడు వైపు జరిగిపోయిందట. బోటు అతనికి ఒక రోజు బేరం పోయినట్టే. ఆ మాటే అంటే, "పోతే పోయిందండి, మీరు మళ్లీ వస్తారు కదా" అన్నాడు.

జనవరిలో వెళ్తున్నాం. బోటు అతనికి చెప్పేశాను, లాడ్జి మాత్రం వేరేది చూస్తున్నా.