జెరోధానా, గ్రోనా, బ్యాంకు త్రీ ఇన్ వన్ ఖాతానా?

షేర్లు కొనడానికి ఖాతా ఎక్కడ తెరవాలని సంక్రాంతికి ఊరెళ్తే ముగ్గురు అడిగారు. "అన్నా, జెరోధా తీసుకోనా, గ్రో తీసుకోనా? బ్యాంకు మేనేజర్ గారేమో త్రీ ఇన్ వన్ మంచిదంటున్నారు" అని మా పిన్ని కొడుకు భోజనాల దగ్గర కూడా వదల్లేదు. జెరోధా, గ్రో ఫోనులో వాడుకునే బ్రోకరు యాప్‌లు. త్రీ ఇన్ వన్ అంటే సేవింగ్స్, డీమ్యాట్ (షేర్లు దాచే ఖాతా), ట్రేడింగ్ ఖాతాలు మూడూ బ్యాంకు దగ్గరే. ఈ మధ్యే నేనూ పాత ఖాతా మూసేసి కొత్తది తెరిచాను కాబట్టి, ఒకసారి రాసి పెట్టేస్తే పోతుందనిపించింది. నెలకో, రెండు నెలలకో కొన్ని షేర్లు కొని ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్ల కోసమే ఇది. పొద్దున కొని సాయంత్రం అమ్మేవాళ్లకు ఈ లెక్కలేవీ పనికిరావు.

ముందు ఖర్చు సంగతి. డెలివరీ షేర్లకు, అంటే కొని ఉంచుకునేవాటికి, జెరోధాలో బ్రోకరేజీ (బ్రోకరు కమీషన్) లేదు. గ్రోలో ఆర్డరుకు 20 రూపాయలు లేదా 0.1 శాతం, ఏది తక్కువైతే అది. కానీ 5 రూపాయలకు తగ్గదు. బ్యాంకుల బ్రోకరేజీ కంపెనీల మామూలు ప్లాన్లలో అర శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంటే 10,000 రూపాయల షేర్లు కొంటే జెరోధాలో సున్నా, గ్రోలో 10, బ్యాంకులో 50. దాని మీద 18 శాతం జీఎస్‌టీ. అమ్మినప్పుడు మళ్లీ అంతే. ప్రభుత్వానికి పోయే ఎస్‌టీటీ అనే పన్ను మాత్రం ఎక్కడ కొన్నా ఆ పదివేలకు 10 రూపాయలే. వెయ్యి రూపాయలకు కొంటే గ్రోలో ఆ 5 రూపాయలే అర శాతం అయిపోతుంది. చిన్న మొత్తాలతో మొదలుపెట్టే కుర్రాళ్లు ఎక్కువగా వెళ్లేది గ్రోకే, ఈ సంగతి చూసుకునేవాళ్లు తక్కువ.

అయితే జెరోధాలో డీమ్యాట్ నిర్వహణకు ఏడాదికి 300 రూపాయలు, పైన జీఎస్‌టీ. గ్రోలో అది లేదు. ఇక్కడో మెలిక ఉంది. మీ పేరున ఒక్కటే డీమ్యాట్ ఉండి, అందులోని షేర్ల విలువ 4 లక్షలు దాటకపోతే బేసిక్ సర్వీసెస్ ఖాతా కింద ఆ 300 కట్టక్కర్లేదు. "రెండూ తెరిచి చూద్దాం, ఏది బాగుంటే అది ఉంచుకుందాం" అని రెండో ఖాతా తెరిస్తే ఈ వెసులుబాటు పోతుంది. అమ్మిన ప్రతిసారీ, డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు ఒక్కో కంపెనీకి ఇంతని డీపీ చార్జీ కూడా పడుతుంది. ఒక్క షేరు అమ్మినా, వంద అమ్మినా అదే మొత్తం.

ఇంతా చేస్తే తేడా ఏడాదికి కొన్ని వందలు. నేను చూసేది వేరే: నాకు తెలియకుండా నా షేర్లను ఎవరైనా కదపగలరా?

2012లో గుంటూరు బ్రాడీపేటలో ఒక బ్రోకరు ఆఫీసులో నా మొదటి ఖాతా తెరిచాను. పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టమన్నారు. ఇరవై, ముప్పై సంతకాలు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతుంటే ఆఫీసు కుర్రాడు ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో తిప్పుతూ ఉన్నాడు. ఏం రాసుందో చదవలేదు. 2019 నవంబరులో కార్వీ అనే బ్రోకరు వార్తలు వచ్చాక అటక మీద ఫైలు దింపి చూస్తే, అందులో పవర్ ఆఫ్ అటార్నీ ఒకటుంది, అంటే నా షేర్లను నా తరఫున కదిపే అధికారం బ్రోకరుకు ఇచ్చిన పత్రం. నా షేర్లకేమీ కాలేదు. కానీ ఏడేళ్లు ఇంటి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టి మర్చిపోయానని ఆ రోజు తెలిసింది.

కార్వీ గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, హైదరాబాద్ కంపెనీయే. ఖాతాదారుల షేర్లను తనవిగా చూపించి తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని మార్కెట్లను నియంత్రించే సెబీ తేల్చింది. ఆ పవర్ ఆఫ్ అటార్నీలే అందుకు దారి. ఆ డిసెంబరులో 80 వేల మందికి పైగా షేర్లు తిరిగొచ్చాయి. మిగిలినవాళ్లు ఆ తర్వాత కూడా తిరగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్‌ఎస్‌ఈ కార్వీని సభ్యత్వం నుంచి తీసేసింది.

ఆ దెబ్బతో నియమాలు బాగా మారాయి. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ (ట్రేడింగ్‌కు చూపే హామీ) కోసం షేర్లు తాకట్టు పెట్టాలంటే మన ఫోనుకు ఓటీపీ రావాల్సిందే. 2022 నుంచి కొత్త ఖాతాలకు ఆ పవర్ ఆఫ్ అటార్నీ బదులు, మనం అమ్మినప్పుడు బ్రోకరు మన షేర్లు తీసుకోనిచ్చే డీడీపీఐ అనే చిన్న అధికార పత్రం వచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి కొన్న షేర్లు బ్రోకరు ఖాతాలో ఆగకుండా క్లియరింగ్ కార్పొరేషన్ (లావాదేవీలు పూర్తిచేసే సంస్థ) నుంచి నేరుగా మన డీమ్యాట్‌లో పడుతున్నాయి. కాబట్టి షేర్ల భద్రతలో ఈ మూడింటికీ ఇప్పుడు పెద్ద తేడా లేదు. తేడా చేసేది మీరు డీడీపీఐ ఇచ్చారా లేదా అన్నదే.

అది తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే ఈ యాప్‌లలో అమ్మినప్పుడు సీడీఎస్‌ఎల్ (మన షేర్లు దాచి ఉంచే డిపాజిటరీ) పేజీ తెరుచుకుని ఆరంకెల టీపిన్ అడుగుతుంది, ఆ తర్వాత ఓటీపీ. పోయిన జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజుకని అమ్ముతుంటే నాకు టీపిన్ గుర్తు రాలేదు. కొత్తది తెప్పించుకునేలోపు ధర రెండు రూపాయలు జారింది. తిట్టుకున్నాను. అయినా డీడీపీఐ ఇవ్వలేదు, ఇవ్వను. ఏడాదికి రెండుసార్లు అమ్మేవాడికి ఆ తలుపు గడియ పెట్టే ఉండటం నష్టమేమీ కాదు. యాప్‌లో వద్దనడం తేలిక. బ్యాంకు శాఖలో ఫారాల కట్ట ముందు పెడితే మాత్రం ఒక్కొక్కటీ చదివి, ఆ కాగితం పక్కన పెట్టమని నోరు తెరిచి చెప్పాలి.

డబ్బు విషయంలో బ్యాంకుదే పైచేయి అని ఒప్పుకోవాలి. త్రీ ఇన్ వన్‌లో కొనేదాకా డబ్బు మన సేవింగ్స్ ఖాతాలోనే ఉంటుంది, వడ్డీ వస్తుంది. మామూలుగా యాప్‌లో వేసిన డబ్బు బ్రోకరు దగ్గర ఊరికే కూర్చుంటుంది. కొనే రోజున కావలసినంతే వేసుకుంటే ఈ బాధ లేదు. ఫోనుతో పడని పెద్దవాళ్లకు, వెళ్లి అడగడానికి ఒక మనిషి కావాలనుకునేవాళ్లకు ఆ అర శాతం ఇచ్చినా తప్పు లేదు. కాకపోతే ఆ మనిషే మర్నాడు ఫోన్ చేసి బీమా పాలసీ ఉందంటాడు.

నేను తీసుకున్నది జెరోధా. నెలనెలా కొంటాను, బ్రోకరేజీ లేకపోవడం నాకు కలిసొస్తుంది. మ్యూచువల్ ఫండ్ సిప్‌లే (నెలనెలా ఇంతని వేసేవి) ప్రధానం, షేర్లు ఎప్పుడో ఒకసారి అనుకుంటే గ్రో చాలు. మొదట మొదలైందే ఫండ్లతో, ఆ పని దానికి బాగా వచ్చు. ఇంకో బ్రోకరు ఏంజెల్ వన్ కూడా 2024 నవంబరు నుంచి డెలివరీకి చార్జీ పెట్టింది, ఇక దాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవడానికి నాకు కారణం కనపడలేదు. అప్‌స్టాక్స్ వాడేవాళ్లు బాగానే ఉందంటారు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు ఇక్కడి మామూలు ఖాతానే కొనసాగించకూడదు, ఎన్ఆర్ఐ ఖాతాగా మార్చుకోవాలి. వాళ్ల చార్జీల పట్టిక వేరు.

ఎక్కడ తెరిచినా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) దగ్గర టిక్కు పెట్టకండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీస్తే అందులో ఆడినవాళ్లు వందలో 93 మంది నష్టపోయారని చెప్పింది సెబీయే.

మా పిన్ని కొడుకు ఇంత విని చివరికి గ్రోలోనే తెరిచాడు, స్నేహితులంతా అందులోనే ఉన్నారట. డీడీపీఐ మాత్రం ఇవ్వలేదన్నాడు. మొన్న ఫోన్ చేసి టీపిన్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.